ఉప్పు ఎటు పోతోందో ముందు చూడు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

పొలం నేలలో నీరు, లవణాలు ఎలా కదులుతాయో మోడల్ చేసే పని నీకు పడిందనీ, దానికి వాడే హైడ్రస్ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది గానీ వచ్చిన ఫలితం మీద నమ్మకం కుదరడం లేదనీ రాశావు. నమ్మకం కుదరకపోవడం మంచిదే. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఏ అంకెలిచ్చినా చక్కటి గ్రాఫ్ గీసి పెడుతుంది.

ముందు ల్యాప్‌టాప్ మూసి ఒక కాగితం తీసుకో. సాగునీటి ఈసీ (విద్యుత్ వాహకత, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకి 1 డెసీసీమెన్ అనుకుందాం. అంటే లీటరుకి సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలు. సీజన్‌లో 500 మిల్లీమీటర్ల తడి పెడితే హెక్టారుకి 5,000 ఘనమీటర్ల నీరు, దాంతోపాటు 3.2 టన్నుల ఉప్పు. మంచినీళ్లే అనుకునే నీటితోనే ఇంత! ఎండకి ఆవిరయ్యేది నీరు మాత్రమే. మొక్క కూడా నీటిని పీల్చుకుని ఉప్పులో చాలా భాగాన్ని మట్టిలోనే వదిలేస్తుంది. కాబట్టి ఉప్పు బయటపడాలంటే వేళ్లను దాటి కిందికి దిగే నీటితోనే పోవాలి. పెట్టిన నీటిలో పదో వంతే అలా దిగితే, కొన్నేళ్లకి నేల ఒక స్థితికి వచ్చాక ఆ దిగే నీటి ఈసీ 10 దగ్గరికి చేరుతుంది. జమ, ఖర్చు, నిల్వ అని పాస్‌బుక్‌లో రాసుకున్నట్టు ఈ లెక్క రాసి పెట్టుకో. మోడల్ చూపే నిల్వకీ దీనికీ పొంతన లేకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఆ తేడా ఎక్కువగా అడుగు హద్దు దగ్గర, అంటే మోడల్‌లో నేల ముగిసే అడుగు అంచు దగ్గర దొరుకుతుంది. నువ్వు పంపిన ఫైల్‌లో అడుగున నీరు అడ్డం లేకుండా దిగిపోతున్నట్టు పెట్టావు. భూగర్భ నీటిమట్టం పది మీటర్ల లోతున ఉంటే అది చెల్లుతుంది. మీటరున్నర లోతునే ఉంటే మాత్రం అసలు కథ తలకిందులవుతుంది. తడికీ తడికీ మధ్య నేల ఆరుతున్నప్పుడు కింది నీరు సన్నటి రంధ్రాల గుండా పైకి ఎక్కుతుంది, ఉప్పునీ వెంట తెస్తుంది. పైన నీరు ఆవిరైపోయి తెల్లటి పొర మిగులుతుంది. నీ మోడల్ ఉప్పంతా కడిగేసుకుపోయిందని చెబుతుంటే పొలంలో చౌడు తేలుతూ ఉంటుంది. అందుకే పొలంలో ఒక పరిశీలన పైపు దింపి, నీటిమట్టం ఎప్పుడు ఎంత ఉందో కొలిచి, ఆ కొలతలే అడుగు హద్దుగా ఇవ్వు. మిగతా పారామితులన్నిటి మీద పెట్టే శ్రమ కంటే ఇది ఎక్కువ ఫలితమిస్తుంది.

ఇంకొకటి, కొత్తవాళ్లందరూ తడబడేది. మోడల్ ఇచ్చే గాఢత ఆ క్షణాన మట్టిలో ఉన్న నీటిది. ల్యాబ్ ఇచ్చే ఈసీఈ మాత్రం మట్టిని నీటితో ముద్దగా కలిపి తీసిన ద్రావణానిది. నీరు దిగి నేల నిలదొక్కుకున్న స్థితిలో మొదటిది రెండోదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. రెండూ ఒకే గ్రాఫ్‌లో పెట్టి ‘మోడల్ ఎక్కువ చూపిస్తోంది’ అని టెన్షన్ పడకు. తేమ లెక్కతో ఒకదాన్ని రెండోదానికి మార్చాకే పోల్చు. ల్యాబ్ ఒక వంతు మట్టికి ఐదు వంతుల నీరు కలిపి కొలిస్తే ఆ అంకె వేరే, చాలా తక్కువగా వస్తుంది. ఏ పద్ధతో రిపోర్టు మీద రాయించుకో.

నేలలో నీటి కదలికకి రిచర్డ్స్ 1931లో ఇచ్చిన సమీకరణం, నేల ఎంత గట్టిగా నీటిని పట్టి ఉంచుతుందో తేమని బట్టి చెప్పే, వాన్ గెనుక్టెన్ 1980లో ఇచ్చిన తేమ వంపు, రెండూ గట్టివే. అయితే ఇసుక, ఒండ్రు, బంక శాతాలు ఇచ్చి వంపు తెచ్చుకుంటే అది ఆ తరహా నేలల సగటు మాత్రమే. నీరు ఇంకే వేగం ఒకే పొలంలో రెండు చోట్ల పదింతలు తేడా రావచ్చు. నేలలో రింగులు దింపి, నీరు పోసి, ఎంత వేగంగా ఇంకుతుందో నాలుగైదు చోట్ల కొలువు. అలాగని పది పారామితులు ఒకేసారి మార్చి మోడల్‌ని కొలతలకి సరిపెట్టకు. అన్నీ తిప్పితే ఏ కొలతకైనా గీత సరిపోతుంది, దానివల్ల నీకేమీ తెలియదు.

పగుళ్లిచ్చే బంకనేల అయితే మొదటి తడి పగుళ్లలోంచి నేరుగా కిందికి జారిపోతుంది, మట్టిలోని ఉప్పుని పెద్దగా తాకదు. మామూలు మోడల్‌కి ఈ దారి తెలియదు. బోదెలు వేసి సాళ్లలో నీరు పెడితే ఉప్పు బోదె నెత్తికి చేరుతుంది. పై నుంచి కిందికి మాత్రమే చూసే మోడల్ దాన్ని పట్టలేదు, రెండు దిశలది కావాలి. సోడియం ఎక్కువున్న నేల మీద వాన పడితే బంక విడిపోయి రంధ్రాలు మూసుకుంటాయి. అక్కడ ఇంకే వేగాన్ని ఒకే అంకెగా ఉంచితే మోడల్ కడుగుడు ఎక్కువ చూపిస్తుంది.

గ్రిడ్ (లెక్క కోసం మోడల్ నేలని ముక్కలు చేసే గీతలు) సంగతి: పైభాగంలో సెంటీమీటరుకో, అంతకంటే తక్కువకో గీతలు పెట్టు, ఆవిరి లెక్క అక్కడే తేలుతుంది. వానని రోజు మొత్తంగా ఇస్తే దాని తీవ్రత చచ్చిపోతుంది, గంటల లెక్కన దొరికితే అలాగే వాడు.

మొదట క్లోరైడ్ ఒక్కదాన్నే నడుపు. అది మట్టి కణాలకి అంటుకోకుండా నీటితోపాటు పోతుంది కాబట్టి, అది సరిపోకపోతే నీ నీటి లెక్కే తప్పు. అది కుదిరాకే సోడియం, కాల్షియం మార్పిడి, జిప్సం కరగడం వైపు వెళ్లు.

ఈసారి నాకు గ్రాఫులు పంపకు. సీజన్ ముందూ తర్వాతా ఒక్కో లోతుకి ఉప్పు నిల్వ, పైపులో నీటిమట్టం కొలతలు, మోడల్ చూపిన ద్రవ్యరాశి లెక్కలో తేడా, ఈ మూడూ పంపు. తేడా ఒక శాతం దాటితే పంపేముందే గ్రిడ్ చూసుకో.

మీ మామయ్య