సమాధానం: బయాప్సీలో ‘సిగ్నెట్ రింగ్’ అన్నారు, పొట్ట ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా?

పర్లాకిమిడి తమ్ముడూ, అమ్మగారికి ఏడేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిందనీ, ఇప్పుడు రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందనీ, ఎండోస్కోపీ బయాప్సీలో సిగ్నెట్ రింగ్ కణాలు (ఉంగరంలా కనిపించే క్యాన్సర్ కణాలు) కనబడి పొట్ట తీసేయాలన్నారనీ రాశారు. తేదీ ఖాయం చేసుకునే ముందు పాత రొమ్ము రిపోర్టు వెతకండి. అందులో ‘లోబ్యులార్’ (పాల గ్రంథుల పేరుతో పిలిచే రొమ్ము క్యాన్సర్ రకం) అని ఉందా?

రొమ్ము క్యాన్సర్లలో ఆ రకం 10-15 శాతం. దాని కణాలు ఒకదాన్నొకటి పట్టుకోకుండా విడివిడిగా పాకుతాయి. ఏళ్ల తర్వాత కూడా జీర్ణాశయం, పేగుల గోడల్లో చేరగలవు. మైక్రోస్కోపు కింద అచ్చం పొట్ట క్యాన్సర్‌లాగే కనిపించొచ్చు. పాత జబ్బు సంగతి పాథాలజిస్టుకి తెలియకపోతే పొరబడటం తేలిక (చీటీ మీద ఆ ఒక్క లైను ఎవరు రాస్తారు చెప్పండి!).

తేల్చేది ఐహెచ్‌సీ పరీక్ష, అంటే బయాప్సీ ముక్కకి రంగులేసి కణాల్లోని ప్రోటీన్లని గుర్తించడం. రొమ్ము వైపు చూపే ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోన్ గ్రాహకం), గాటా3 పాజిటివ్ వచ్చి, జీర్ణవ్యవస్థ వైపు చూపే సీడీఎక్స్2 నెగటివ్ అయితే మొగ్గు రొమ్ము వైపే. కణాలని అతికించి ఉంచే ఈ-క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్ ఒక్కదాన్నే నమ్మొద్దు, అది రెండు జబ్బుల్లోనూ పోవచ్చు. పాత, కొత్త పారఫిన్ బ్లాకులు (ల్యాబ్‌లో మైనంలో దాచిన కణజాలం ముక్కలు) రెండూ అడిగి తీసుకుని వైజాగ్ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, కటక్ ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రికి గానీ వెళ్లండి. ఒడిశా ఆరోగ్య పథకం కార్డు వైజాగ్‌లో చెల్లుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

రొమ్ముదే అయితే మందులే ప్రధానం. ఈఆర్ పాజిటివ్‌కి హార్మోన్ చికిత్స, తోడుగా క్యాన్సర్ కణాల పెరుగుదలని ఆపే పాల్బోసిక్లిబ్ లాంటి మాత్రలు ఇస్తారు. దారి మూసుకుపోవడం, రక్తస్రావం లాంటివి ఉంటేనే సాధారణంగా ఆపరేషన్ మాట. వాంతులు ఆగకపోయినా, మలం నల్లగా వచ్చినా మాత్రం బ్లాకుల కోసం ఆగకుండా వెంటనే దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.