పెళ్లి చేసేస్తే కేసు పోతుందా?

ప్రశ్న: మా చెల్లెలి కూతురికి పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. కడుపు కనిపించేదాకా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలిసిన నర్సమ్మ చూసి ఏడో నెల అంది. అదే కాలేజీలో చదివే కుర్రాడట, వాడికి పదిహేడు. పెద్దమనుషులు కూర్చుని, గుళ్లో దండలు మార్పించేస్తే ఏ గొడవా ఉండదంటున్నారు. అమ్మాయి ఆధార్‌లో వయసు మార్పిస్తానని ఒకాయన ముందుకొచ్చాడు. పిల్లల్లేని దంపతులు పురుడు ఖర్చంతా పెట్టుకుని, పైన కొంత డబ్బిచ్చి బిడ్డను తీసుకుంటామని కబురు చేశారు. ఆసుపత్రికి వెళితే పోలీసులొస్తారని మా చెల్లెలు ఇంట్లోనే పురుడు పోయిద్దామంటోంది. మా బావ కూతురి మొహం చూడటం మానేశాడు. మేం ఏం చేయాలి? పుట్టే బిడ్డకు తండ్రి పేరు ఎలా? అమ్మాయి చదువు ఏమవుతుంది?
– పేరు రాయొద్దన్న ఒక మేనమామ

జవాబు: చట్టం సంగతికి ముందు పురుడి సంగతి. ఇంట్లో పురుడనే ఆలోచన ఇవాళ్టితో మానుకోండి. ఈ వయసులో కాన్పు అంటే రక్తం తక్కువగా ఉండటం, బీపీ పెరిగి గుర్రపువాతం (ఫిట్స్) రావడం లాంటి ప్రమాదాలు ఎక్కువ. పైగా ఏడు నెలలుగా ఒక్క పరీక్షా జరిగినట్టు లేదు. రేపు రాత్రిపూట ఏదైనా అయితే అప్పుడు వచ్చే పోలీసులు వేరు, ఇప్పుడు వచ్చే పోలీసులు వేరు.

ఆసుపత్రి వాళ్లు పోలీసులకు చెబుతారన్నది నిజమే. పిల్లలపై లైంగిక నేరాల కోసం తెచ్చిన పోక్సో చట్టం, 2012లోని సెక్షన్ 19 ప్రకారం వాళ్లు చెప్పి తీరాలి. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయి గర్భం దాల్చిందంటే, ఆమె ఇష్టపడే జరిగిందా లేదా అన్నదానితో పని లేకుండా చట్టం దాన్ని నేరంగానే చూస్తుంది. ఈ సెక్షన్ డాక్టర్ ఒక్కరికే కాదు, విషయం తెలిసిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. ఉత్తరం రాసిన మీకూ, మీ చెల్లెలికీ, కూర్చుని తీర్పు చెప్పిన ఆ పెద్దమనుషులకూ వర్తిస్తుంది. చెప్పకుండా దాచితే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో పడొచ్చు. పిల్లలకు మాత్రం ఈ శిక్ష లేదు. కాబట్టి అమ్మాయి ఇన్నాళ్లూ దాచిందని ఆమె మీద గానీ, ఆమెతో చదివే పిల్లల మీద గానీ కేసు పెట్టరు.

వైద్యానికి కేసు ముందు షరతు కాదు. ఎఫ్‌ఐఆర్ కాగితం తెస్తేనే చూస్తామని ఏ ఆసుపత్రీ అనకూడదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 397 ప్రకారం, సర్కారు ఆసుపత్రైనా ప్రైవేటుదైనా ఇలాంటి అమ్మాయికి వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలి.

పోలీసులంటే ఖాకీ బట్టలు, స్టేషన్ బెంచీ అనుకుంటున్నారేమో. పోక్సో సెక్షన్ 24 ప్రకారం అమ్మాయి వాంగ్మూలం ఇంట్లో గానీ, ఆమె కోరిన మరోచోట గానీ తీసుకోవాలి. సాధ్యమైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే రావాలి, అదీ యూనిఫాంలో కాదు. రాత్రిపూట అమ్మాయిని స్టేషన్‌లో ఉంచకూడదు. వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. విషయం 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి చేరాలి. కేసు నడిచినంత కాలం అమ్మాయి వెంట ఉండటానికి ఆ కమిటీ ఒక సహాయకురాలిని ఇవ్వగలదు. ఇవన్నీ వాటంతటవే జరుగుతాయని నేను హామీ ఇవ్వలేను. అడిగితే జరుగుతాయి, అడగాలంటే ముందు తెలిసి ఉండాలి.

ఇక దండల సంగతి. పెళ్లి చేసేస్తే కేసు ఉండదన్న మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. చట్టంలో దానికి ఆధారమే లేదు. కాపురంలో ఉన్నా సరే, భార్యకు పద్దెనిమిది నిండకపోతే అది అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో చెప్పింది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ అదే రాసి ఉంది. కాబట్టి తాళి పాత కేసును తుడిచేయదు, పైగా కొత్త కేసు తెస్తుంది. బాల్య వివాహాల నిషేధ చట్టం, 2006 ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. మీ విషయంలో ఇద్దరికీ నిండలేదు. పెళ్లి జరిపించినవాళ్లకు, ప్రోత్సహించినవాళ్లకు, ఆపకుండా అక్షతలు వేసినవాళ్లకు రెండేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. బెయిలు హక్కుగా దొరికే కేసు కాదది. ఆడవాళ్లకు జైలు శిక్ష ఉండదు, అంటే ముందుగా ఇరుక్కునేది మేనమామగా ముందు నిలబడే మీరే.

ఇక్కడో మాట అనకుండా ఉండలేను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 6.8 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. తెలంగాణలో అది 5.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.6. వీళ్లలో చాలామంది పెళ్లయినవాళ్లే. మెడలో తాళి ఉంటే అదే వయసు కడుపుకు సీమంతం చేస్తాం, పేరంటానికి వీధినంతా పిలుస్తాం. తాళి లేకపోతే తలుపులేసుకుని, కన్నతండ్రే మొహం తిప్పుకుంటాడు. ఆ రెండు ఇళ్లలోనూ అమ్మాయికి పదహారేళ్లే. చట్టం కంటికి రెండూ ఒకటే, మన కంటికే వేరువేరు.

ఆధార్‌లో వయసు మార్చే ఆయన్ని గుమ్మంలోంచే పంపించేయండి. కోర్టు వయసు తేల్చేది ఆధార్‌తో కాదు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 సెక్షన్ 94 ప్రకారం ముందు బడి రికార్డు, పదో తరగతి మెమో చూస్తారు, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే వైద్య పరీక్ష. మెమోలో తేదీ ఉండగా ఆధార్ దిద్దితే ఫోర్జరీ కేసు అదనం.

అబ్బాయి గురించి రాసేముందు మిమ్మల్నే ఒకటి అడగాలి. ఆ కుర్రాడేనని అమ్మాయి తన నోటితో చెప్పిందా, లేక పెద్దలు తేల్చారా? అందరూ వేలు చూపిన మనిషి ఒకడు, డీఎన్‌ఏలో తేలినవాడు మరొకడు అయిన కేసులు కోర్టులకు కొత్త కాదు. ఇంట్లో మనిషి పేరు చెప్పలేక క్లాసులో అబ్బాయి పేరు చెప్పే పిల్లలుంటారు. భయపెట్టకుండా, తీర్పు చెప్పకుండా, ఆమె నమ్మే ఆడమనిషి ఒకరు ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. ఆ పని మీరు చేయకండి, మీ బావ అసలే వద్దు.

కుర్రాడే అయితే, అతనూ చట్టం దృష్టిలో బాలుడే. లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. కేసు పిల్లల నేరాలను విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళుతుంది, అక్కడ బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి, నిరాకరించాలంటే కారణం రాయాలి. ఒక చిక్కు మాత్రం ఉంది. అమ్మాయి గర్భవతి అయితే పోక్సోలో అది మామూలు నేరం కాదు, తీవ్రమైన నేరం, పెద్దవాళ్లకైతే కనీసం ఇరవై ఏళ్ల శిక్ష. పదహారు దాటిన అబ్బాయి కాబట్టి, అతన్ని పిల్లాడిగా చూడాలా, పెద్దవాడిలా విచారించాలా అని బోర్డు ముందుగా పరిశీలిస్తుంది. పిల్లాడిగానే చూస్తే గరిష్ఠంగా మూడేళ్లు ప్రత్యేక గృహంలో ఉంచొచ్చు, కౌన్సెలింగ్‌తో ఇంటికీ పంపొచ్చు. అతని తరఫున మంచి వకీలు ఉండటం మీ అమ్మాయికీ అవసరమే. రెండు ఇళ్లవాళ్లూ రాజీపడి కాగితం రాసుకుంటే కేసు కొట్టేస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. పోక్సో కేసును రాజీ కాగితం చూసి కొట్టేయడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక రాజస్థాన్ కేసులో తేల్చింది.

ఈడు జోడుగా ఉన్న పిల్లల మీద ఈ చట్టం మొరటుగా పడుతోందని నా అభిప్రాయం, నాలా అనుకునే వకీళ్లు చాలామందే ఉన్నారు. లా కమిషన్ 2023లో, శారీరక సంబంధానికి అంగీకరించే వయసును 18 నుంచి తగ్గించొద్దంటూనే, 16–18 మధ్య పిల్లల కేసుల్లో శిక్ష విషయంలో జడ్జీలకు కొంత వెసులుబాటు ఇవ్వాలని సిఫార్సు చేసింది. అది ఇంకా సిఫార్సుగానే ఉంది.

పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఒక కేసులో 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది మీ బావ గారికి చదివి వినిపించండి. ఆ అమ్మాయి 14 ఏళ్లప్పుడు ఇల్లు విడిచి 25 ఏళ్ల వ్యక్తితో వెళ్లింది, బిడ్డ పుట్టింది. పుట్టింటివాళ్లు వదిలేశారు. నేరం రుజువైనా కోర్టు అతనికి శిక్ష వేయలేదు. ఎందుకంటే సమాజం ఆమెపై తీర్పు చెప్పింది, న్యాయవ్యవస్థ ఆమె విషయంలో విఫలమైంది, సొంత కుటుంబం వదిలేసింది, ఇన్ని జరిగాక ఆమెకు మిగిలింది ఆ మనిషే. జరిగిన సంఘటన కంటే ఆ తర్వాత పోలీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగడమే ఆమెను ఎక్కువ గాయపరిచిందని కోర్టు గుర్తించింది. అది రాజ్యాంగంలోని ఆర్టికల్ 142 సుప్రీంకోర్టుకు మాత్రమే ఇచ్చిన అధికారంతో ప్రత్యేకంగా ఇచ్చిన ఉత్తర్వు, మీ కేసులో చూపించి లాభం పొందేది కాదు. నేను చెబుతున్నది అమ్మాయిని ఇంట్లోవాళ్లు వదిలేయడం గురించి.

గర్భం తీయించడం గురించి మీరు అడగలేదు గానీ, ఇది చదివే మరో ఇంటికి పనికొస్తుంది. మైనర్లకు చట్టం 24 వారాల దాకా అవకాశం ఇస్తోంది, సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. అమ్మాయి, ఆమె సంరక్షకులు కోరితే డాక్టర్ పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు రాయక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ అమ్మాయికి ఆ గడువు దాటింది. హైకోర్టుకు వెళ్లే దారి ఉన్నా, వైద్య బోర్డు ఏమంటుందన్నది కీలకం. ఒక పద్నాలుగేళ్ల అమ్మాయికి దాదాపు 30 వారాలప్పుడు సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో అనుమతిచ్చి, ప్రమాదం ఉందని తల్లిదండ్రులు వెనక్కి తగ్గాక వారానికే దాన్ని ఉపసంహరించుకుంది. ఏది చేసినా అమ్మాయి ఇష్టమే ముఖ్యం, పెద్దలది ఆ తర్వాతే.

బిడ్డను తీసుకుంటామన్న దంపతులు మంచివాళ్లే కావచ్చు. కానీ డబ్బు చేతులు మారితే అది దత్తత కాదు, బిడ్డను అమ్మడం. ఇచ్చినవాళ్లకూ తీసుకున్నవాళ్లకూ అయిదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష జరిమానా. ఆసుపత్రి సిబ్బంది మధ్యవర్తులైతే వాళ్లకు ఏడేళ్ల దాకా. బిడ్డను పెంచలేమనుకుంటే చట్టబద్ధమైన దారి ఒకటి ఉంది. బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగిస్తూ సంతకం చేయడం. కమిటీ మొదట కౌన్సెలింగ్ చేస్తుంది, ఆ తర్వాత కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువిస్తుంది. ఆ లోపు వెళ్లి బిడ్డను తెచ్చుకోవచ్చు. మీ అమ్మాయికి ఆ రెండు నెలలు చాలా అవసరం. కాన్పయిన మూడో రోజు పచ్చి బాలింతరాలితో ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టించకూడదు.

పెంచుకుంటానంటే అడ్డు లేదు. పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డకు హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం తల్లే మొదటి సంరక్షకురాలు. ఆమే మైనర్ కదా అంటారేమో, తన సొంత బిడ్డ విషయంలో మైనర్ అన్న అనర్హత లేదని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. బిడ్డ పేరున ఆస్తి ఏదైనా ఉంటే మాత్రం దాని నిర్వహణకు పెద్దవాళ్లు కావాలి. తల్లి ఆస్తిలో బిడ్డకు వారసత్వం ఉంటుంది.

తండ్రి పేరు కోసం పెళ్లి అక్కర్లేదు, పేరే లేకపోయినా జనన ధ్రువపత్రం ఆగదు. పెళ్లికాని తల్లి అఫిడవిట్ ఇస్తే చాలు, తండ్రి ఎవరని నిలదీయకుండా ధ్రువపత్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015లోనే ఆదేశించింది. ఆసుపత్రిలో పురుడైతే నమోదు 21 రోజుల్లో అక్కడి నుంచే జరిగిపోతుంది, ఇంట్లో పోసుకుంటే ఆ కాగితం కోసం మీరే తిరగాలి. పేరు తర్వాతైనా చేర్చుకోవచ్చు. భరణం సంగతంటారా, కేసులో డీఎన్‌ఏ తేలితే, కుర్రాడు సంపాదన మొదలుపెట్టాక బిడ్డ తరఫున అడగొచ్చు. ఈలోగా అతని తల్లిదండ్రుల మీద భరణం కేసు వేస్తే నిలవదు. డబ్బు రావాల్సింది మరోచోట నుంచి. ఎఫ్‌ఐఆర్ అయ్యాక పోక్సో కోర్టు ఎప్పుడైనా మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు, గర్భం దాల్చిందా అన్నది దాన్ని నిర్ణయించే అంశాల్లో ఒకటి. తిండికీ, బట్టలకూ, దారి ఖర్చులకూ తక్షణ సాయానికి బాలల సంక్షేమ కమిటీ సిఫార్సు చేయగలదు. వకీలు ఫీజు గురించి దిగులు పడకండి. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ 15100. పిల్లల హెల్ప్‌లైన్ 1098 అయితే రాత్రీ పగలూ పలుకుతుంది.

కాలేజీవాళ్లు టీసీ తీసుకెళ్లమంటే తీసుకోకండి. గర్భవతి అయినందుకు అమ్మాయిని తీసేయొచ్చని ఏ చట్టమూ చెప్పలేదు. ప్రిన్సిపాల్ నోటిమాటగా అంటే రాతపూర్వకంగా ఇమ్మనండి, సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. ఈ ఏడాది హాజరు కుదరకపోతే ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ రాయించవచ్చు.

ఊరి వాట్సాప్ గ్రూపుల్లో అమ్మాయి ఫొటో, పేరు, కాలేజీ పేరు తిరిగితే అది కూడా నేరమే, జైలు శిక్ష దాకా వెళుతుంది. అలాంటిది కనబడితే వాదించకండి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి మీ వకీలు చేతికివ్వండి.