చవగ్గా వస్తున్న లగ్జరీ కూపే కొనొచ్చా?

ప్రశ్న: పదేళ్లనాటి లగ్జరీ కూపే (రెండు తలుపుల కారు) ఒకటి, కొత్త హ్యాచ్‌బ్యాక్ ధరకే వస్తోంది. 90 వేల కిలోమీటర్లు తిరిగింది. నా దగ్గరున్నది సరిగ్గా అంత డబ్బే. తీసుకోమంటారా?

జవాబు: సరిగ్గా అంతే ఉంటే వద్దు. బండి ధర పడిపోయింది గానీ దాని విడిభాగాల ధర పడలేదు. కొన్న ధరలో పాతిక శాతమైనా రిపేర్లకు పక్కన పెట్టగలిగితేనే చూడ్డానికి వెళ్లండి.

వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచితే ఇంకోరోజు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజిన్ స్టార్టవగానే కాసేపు గలగలమంటే టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే గొలుసు) సాగిందనో, టెన్షనర్ (దాన్ని బిగువుగా ఉంచే భాగం) పోయిందనో అనుమానించాలి. కొన్ని ఇంజిన్లలో చైన్ వెనకవైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంజినే దించాలి. ఆ ఖర్చుకు బేరంలో మిగిలిందంతా హరించుకుపోతుంది.

ఎయిర్ సస్పెన్షన్ (ఉక్కు స్ప్రింగుల బదులు గాలి నింపిన ఎయిర్ స్ప్రింగులపై బండి నిలిచే ఏర్పాటు) ఉంటే, రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే చూడండి. ఒక మూల కుంగిందంటే ఎయిర్ స్ప్రింగ్ లీకవుతున్నట్టే. ఆ లోటు పూడ్చలేక, గాలి నింపే కంప్రెసర్ కూడా కాలిపోతుంది.

కూపే తలుపులు పొడుగు, బరువు. సగం తెరిచి చివర పట్టుకుని పైకెత్తండి. ఆడితే హింజ్ అరిగింది. ఫ్రేమ్ లేని అద్దమైతే హ్యాండిల్ లాగగానే కాస్త దిగి, తలుపు మూశాక పైకెక్కాలి.

బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో ఎర్రర్ కోడ్లు లేవని సంబరపడకండి. రెడీనెస్ మానిటర్లు (బండి తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చూపే గుర్తులు) అసంపూర్తిగా ఉన్నాయంటే, మీరొచ్చే ముందే కోడ్లు చెరిపేసి ఉండొచ్చు. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదంటే నమ్మొద్దు, మార్చిన బిల్లు అడగండి.