అక్కనడుగు: చెన్నైలో శని, ఆదివారాలు

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు. పెళ్ళయ్యాక చెన్నై వచ్చా, పెరుంగుడిలో ఉంటాం. మా ఆయనకి ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. వారమంతా ఆఫీసు, శనివారం పదకొండింటిదాకా నిద్ర, లేచాక "చెన్నైలో ఏముందే ఉక్కపోత తప్ప, పద మాల్‌కి పోదాం" అంటారు. ఆ ఏసీలో తిరిగి, అదే ఫుడ్ కోర్టులో అదే ఫ్రైడ్ రైస్ తిని, వచ్చేటప్పుడు ట్రాఫిక్‌లో పోట్లాడుకుంటూ ఇల్లు చేరతాం. ఒక్క వీకెండ్ అన్నా ఇద్దరం సరదాగా తిరగాలని ఉంది. కారు లేదు, బైకుంది. ఎక్కువ ఖర్చు కాకూడదు. ఎక్కడికెళ్ళమంటావ్?

జవాబు: చెల్లెమ్మా, ఉక్కపోత గురించి మీ ఆయన చెప్పింది అబద్ధమేం కాదు, కానీ పదకొండింటికి లేచి పన్నెండింటికి బయల్దేరి ఆ ఎండలో ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి బండి మీద పోతే పోట్లాట రాక ఇంకేమొస్తుంది? చెన్నైలో తిరిగేదంతా పొద్దున పదింటిలోపు, మళ్ళీ నాలుగయ్యాక. మధ్యలోదంతా నిద్రకే. అంటే ఆయన నిద్ర ఎక్కడికీ పోదు, పొద్దుటి నిద్ర మధ్యాహ్నానికి మారుతుంది అంతే. ముందు ఈ మాట చెప్పి ఒప్పించు, మిగతాది ఈజీ.

ఇంకోటి, మీ ఇంటి పక్కనే వేళచ్చేరి-బీచ్ రైలుంది, దాన్ని వదిలేసి మాల్‌కి ఎందుకు పోతున్నారో నాకర్థం కాదు. టికెట్ ఒక ఫిల్టర్ కాఫీ ఖరీదు కూడా ఉండదు, పట్టాలు పైనెక్కడో ఉంటాయి కాబట్టి సిగ్నల్స్ లేవు, హారన్లు లేవు, కిటికీలోంచి ఇళ్ళ డాబాలు చూసుకుంటూ పోవచ్చు. స్టేషన్లు కొంచెం పాతబడి బోసిగా ఉంటాయి, అది చూసి వెనక్కి తిరగొద్దు. ఆదివారం రైళ్ళు తక్కువ, టైమ్ చూసుకుని బయల్దేరండి.

శనివారం పొద్దున్నే ఆరున్నరకల్లా బండి స్టేషన్లో పెట్టి తిరుమయిలైలో దిగండి. అదే మన మైలాపూర్. ముందు టిఫిన్, తర్వాత గుడి, ఈ వరస మాత్రం తప్పొద్దు, ఆకలి మీదున్న మగాణ్ణి గుడి చుట్టూ తిప్పితే పుణ్యం నీకు రాదు. కచేరీ రోడ్డు పక్క సందులో రాయర్ మెస్ అని చిన్న హోటలుంది, ఇడ్లీ, వడ, పొంగల్, మీద గట్టి చట్నీ. సీట్లు తక్కువ, బయట నిలబడాలి, లేటుగా వెళ్తే అన్నీ అయిపోతాయి. అక్కణ్ణుంచి నడుచుకుంటూ కపాలీశ్వరుడి గుడి, కోనేరు. పన్నెండయితే గుడి మూసి మళ్ళీ నాలుగింటికి తెరుస్తారు కాబట్టి పొద్దునే మంచిది.

గుడి కంటే కూడా చుట్టూ ఉన్న మాడవీధుల్లోనే మీకు టైమ్ తెలీదు. ఇత్తడి సామాను, అప్పడాలు, డాన్సు పిల్లలు పెట్టుకునే టెంపుల్ జ్యూవెలరీ, ఒకదాని తర్వాత ఒకటి. పూలమ్మాయి మోచేతి దగ్గర్నుంచి వేలి కొసదాకా మల్లెదండ సాగదీసి మూర కొలుస్తూ చివర్లో ఒక జానెడు ఎక్కువ వదులుతుంది చూడు, బేరం ఆడని వాళ్ళకే అది. దండ కొనే పని మాత్రం ఆయనకే అప్పజెప్పు, తమిళం రాకపోయినా పర్లేదు, ఆ తిప్పలు చూడ్డమే సగం సరదా. ఎండెక్కేలోపు మాడవీధిలో కాళత్తి కొట్టు దగ్గర చెరో రోజ్ మిల్క్ తాగి రైలెక్కేయండి. ఓపికుంటే లజ్ దగ్గర రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారి స్మారకం ఉంది, 1952లో ఆయన 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలింది ఆ ఇంట్లోనే. మన ఆంధ్రా వాళ్ళు చెన్నైలో ఏళ్ళ తరబడి ఉండి కూడా ఆ గేటు ముందునుంచి బండి మీద వెళ్ళిపోతుంటారు, ఒక పది నిమిషాలు ఆగితే ఏం పోయింది.

సాయంత్రం బైకు మీద బీసెంట్ నగర్ బీచ్. మెరీనా కంటే ఇక్కడే జంటలకి కాస్త చోటు దొరుకుతుంది. ఇసకలో తెల్లటి తోరణంలాంటి కట్టడం ఉంటుంది, అలల్లో కొట్టుకుపోతున్న వాళ్ళని కాపాడబోయి 1930లో చనిపోయిన కార్ల్ ష్మిట్ అనే డెన్మార్క్ నావికుడి గుర్తుగా కట్టారది. అందుకే చెప్తున్నా, కాళ్ళు తడుపుకోండి, అంతకన్నా లోపలికి వద్దు, మెరీనాలో అయినా అంతే.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు పడుకుని, మళ్ళీ అదే రైల్లో చింతాద్రిపేట దిగి ఆటోలో ఎగ్మోర్ మ్యూజియం. శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. మ్యూజియమా అని మొహం పెట్టకు, నువ్వు గుంటూరు పిల్లవి, మీ అమరావతి స్తూపం రాళ్ళు కొన్ని లండన్‌లో ఉంటే పెద్ద భాగం ఇక్కడే ఉన్నాయి. గుండ్రటి పలక ఒకటుంటుంది, నలగిరి ఏనుగు కథ: ఒకవైపు మదమెక్కి వీధిలో జనాన్ని తొక్కుతూ వస్తుంటుంది, పై కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తుంటారు, అదే పలకలో ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకరిల్లి ఉంటుంది. ముందు చెప్పకుండా "ఇందులో ఏనుగులు ఎన్ని?" అని మీ ఆయన్ని అడుగు. తర్వాత ట్రిప్లికేన్‌లో రత్నా కేఫ్, ఇడ్లీ కనపడనంత సాంబారు పోస్తారు, చాలకపోతే మళ్ళీ పోస్తారు. చీకటిపడే వేళకి మెరీనా, సుండల్ (మన గుగ్గిళ్ళే), మిరపకాయ బజ్జీ, లైట్ హౌస్ స్టేషన్లో రైలు, ఇల్లు.

మహాబలిపురం ఎందుకు చెప్పలేదంటావా? ఆదివారం అటు పోయే ఈసీఆర్ రోడ్డు మీదే ఊరంతా ఉంటుంది. వర్కింగ్ డే లీవు పెట్టించగలిగితే వెళ్ళండి.

ప్రశ్న: అక్కా, అంబత్తూరులో ఉంటాను. వీకెండ్ వస్తే మా ఆవిడ టీ నగర్ అంటుంది. ఆ జనంలో నాకు ఊపిరాడదు. ఎలా తప్పించుకోవాలి?

జవాబు: తప్పించుకోలేవు తమ్ముడూ, టైమ్ మార్చుకో అంతే. షాపులు తెరిచేసరికే అక్కడుండు, మధ్యాహ్నానికి బయటపడు. రైల్లో మాంబళం దిగితే బస్టాండు దాకా స్కైవాక్ ఉంది, రంగనాథన్ వీధి జనాన్ని పైనుంచి చూసుకుంటూ పోవచ్చు. ఆవిడ చీరల షాపులోకి వెళ్ళగానే నువ్వు పాండీ బజార్‌కి వచ్చెయ్, 2019లో ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేశారు, కూర్చోడానికి బెంచీలున్నాయి. పక్కనే పానగల్ పార్కు, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేసిన మన తెలుగు రాజాగారి పేరే అది. ఫోన్ మాత్రం సైలెంట్‌లో పెట్టకు, రెండు చీరల ఫొటోలు వస్తాయి, "రెండూ బాగున్నాయి" అన్నావంటే ఇంకో గంట పడుతుంది, ఏదో ఒకటి చెప్పెయ్. దీపావళి ముందు రెండు వారాలు మాత్రం నన్నేమీ అడగొద్దు, ఆ రోజుల్లో నేనే అటు వెళ్ళను.