టీసీ అడగకండి, ముందు నోట్‌బుక్ తెరవండి

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పక్క పిల్లల్ని కొడతాడు, రాయమంటే పుస్తకం విసిరేస్తాడు. స్కూలువాళ్లు టీసీ తీసుకెళ్లమంటున్నారు. మా ఆయన ఇంటికి రాగానే వాణ్ణి కొడుతున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, టీసీ కోసం మీ చేత్తో దరఖాస్తు రాసివ్వకండి. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసెయ్యకూడదు (మైనారిటీ సంస్థలకు ఈ చట్టం వర్తించదు). మీరే అడిగి తీసుకున్నట్టు కాగితం ఉంటే ఆ రక్షణ పోయినట్టే. అలాగని చట్టం పట్టుకుని గొడవకి దిగొద్దు. క్లాస్ టీచర్ సాయం లేకుండా ఈ పని జరగదు.

ఆవిడతో కలిసి రెండు వారాలు ఒక నోట్‌బుక్ రాయండి. గొడవకి ముందు ఏం జరుగుతోంది, వాడేం చేశాడు, వెంటనే పెద్దవాళ్లేం చేశారు. "అల్లరి చేశాడు" అని రాస్తే పనికిరాదు. "తెలుగు పీరియడ్, బోర్డు చూసి రాయమన్నారు, పుస్తకం విసిరాడు, బయట నిలబెట్టారు" అని రాయాలి. ఆ చివరి ముక్కే చాలామంది వదిలేస్తారు. బయట నిలబెడితే వాడికి రాత తప్పింది. అంటే కోరుకున్నది దొరికింది, రేపు మళ్లీ విసురుతాడు.

మీ ఉత్తరంలో "రాయమంటే" అన్న మాట నాకు ముఖ్యంగా తోచింది. గొడవలన్నీ రాత దగ్గరే వస్తుంటే ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి, తర్వాత డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమవడం) వంటి ఇబ్బందులకు. ఇంట్లో, బడిలో, రెండుచోట్లా ఆరు నెలలకు పైగా కుదురు లేకపోతే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు నిలవని సమస్య) ఉందేమో చూడాలి. బడిలోనే కనిపిస్తే, అక్కడ ఎవరైనా ఏడిపిస్తున్నారేమో కనుక్కోండి. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ప్రభుత్వ కేంద్రం) ఉంటే అక్కడికి, లేదంటే పిల్లల డాక్టర్ దగ్గరికి ఆ నోట్‌బుక్‌తోనే వెళ్లండి.

ఈలోగా టీచర్‌ని రెండే అడగండి. రాతపని ఐదేసి లైన్లుగా ఇవ్వడం, కోపం వస్తోందని వాడు సైగ చేస్తే రెండు నిమిషాలు నీళ్లు తాగి రానివ్వడం. తిరిగొచ్చాక మిగతా లైన్లు రాయించి తీరాలి. మొదటి వారం మొండితనం పెరగొచ్చు, అప్పుడే వదిలెయ్యకండి.

మీవారికి చెప్పండి: పొద్దున జరిగినదానికి సాయంత్రం కొడితే, కోపం వస్తే చెయ్యెత్తాలనే వాడు నేర్చుకుంటాడు. దాని బదులు రోజూ పదిహేను నిమిషాలు, బడి మాట ఎత్తకుండా, వాడు కోరిన ఆట ఆడమనండి.

వాడు చచ్చిపోతానన్నా, తనను తాను గాయపరచుకున్నా రెండు వారాలు ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీకు దిగులుగా ఉన్నా అదే నంబరుకి చెయ్యండి.