సిటప్స్ సంగతి తర్వాత, ముందు ఆ నడుము నొప్పి చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 17. నాలుగేళ్లుగా డ్యాన్స్ నేర్చుకుంటున్నాను. గిరగిరా తిరిగేటప్పుడు, ఒంటికాలి మీద నిలబడేటప్పుడు తూలిపోతున్నాను. కోర్ (పొట్ట, నడుము చుట్టూ ఉండే కండరాలు) బలంగా లేదంటున్నారు టీచర్. రోజుకు 100 సిటప్స్ చేస్తున్నా తేడా లేదు. ఇంకెన్ని చేయాలి? వెనక్కి వంగితే నడుము ఎడమవైపు నొప్పి వస్తోంది. నెలన్నరగా క్లాసుకు ముందు నొప్పి మాత్ర వేసుకుంటున్నాను.

జవాబు: మీరు అడిగింది సిటప్స్ గురించే అయినా, నాకు ఆందోళన కలిగించింది చివరి రెండు వాక్యాలు. ఎదిగే వయసు డ్యాన్సర్లకు నడుము ఒకవైపే, అదీ వెనక్కి వంగినప్పుడే నొప్పి వస్తుంటే వెన్నుపూస వెనక భాగంలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే సన్నని చీలిక ఉందేమో చూడాలి. మీకు అదేనని పరీక్షించకుండా చెప్పలేను. కండరం పట్టేసి కూడా ఉండొచ్చు. ఏదైనా నెలన్నర ఆగాల్సింది కాదు. ఆర్థోపెడిక్ లేదా స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌ను ఈ వారమే కలవండి. తొలిదశ చీలిక ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. అందుకే ఎక్స్‌రే నార్మల్ అన్నా ఎమ్మారై అవసరమేమో అడగండి. అప్పటిదాకా వెనక్కి వంగడం, గెంతడం వద్దు. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం మీద పట్టు తప్పడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఆ మాత్ర. ఆగమని ఒళ్లు చెబుతుంటే దాని నోరు నొక్కి క్లాసుకు వెళ్తున్నారు! చీలికే ఉంటే రోజూ దాని మీదే గెంతుతున్నట్టు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వారాల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. చెమట బాగా పట్టి నీళ్లు తక్కువ తాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. ఏ మాత్రో రాయలేదు. డాక్టర్ దగ్గరికి ఆ స్ట్రిప్ పట్టుకెళ్లండి. మీరు అమ్మాయైతే నెలసరి తప్పుతోందేమో కూడా దాచకుండా చెప్పండి. సాధన పెంచి తిండి తగ్గించేవాళ్లలో నెలసరి ఆగి ఎముకలు బలహీనపడొచ్చు.

సిటప్స్ ఆపేయండి. అవి నడుమును పదేపదే వంచుతాయి. తిరిగేటప్పుడు కావాల్సింది నడుము కదలకుండా పట్టి ఉంచే బలం. పొట్ట లోపలి పొర కండరం, వెన్ను పక్కనుండే చిన్న కండరాలు, డయాఫ్రం (ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం), పెల్విక్ ఫ్లోర్ (కటి అడుగున ఉండే కండరాలు) కలిసి చేసే పని అది.

డాక్టర్ సరేనన్నాక, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తుంటి ఎముకల ముందు మొనలకు కాస్త లోపలగా వేళ్లు ఆనించి, ఊపిరి వదులుతూ పొత్తికడుపును మెల్లగా లోపలికి తీసుకోండి. వేళ్ల కింద కొద్దిగా బిగువు తెలియాలి. ఊపిరి ఆడుతుండగానే 10 సెకన్లు ఉంచండి, 8 సార్లు. ఊపిరి బిగబట్టినా, పొట్ట పైకి ఉబ్బినా తప్పు చేస్తున్నట్టే. చాలామంది తప్పేది ఇక్కడే. ఇది కుదిరాక అరచేతులు, మోకాళ్లు నేలకు ఆనించి, కుడి చేయి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపండి, తర్వాత రెండో వైపు. నడుము పల్లంగా దిగకూడదు.

తూలడానికి బలం ఒక్కటే కారణం కాదు. అద్దం చూసి నిలబడటం అలవాటైతే ఒంటి తీరు కళ్లకు తెలుస్తుంది గానీ పాదాలకు, కీళ్లకు తెలియదు. చెప్పులు లేకుండా ఒంటికాలి మీద 30 సెకన్లు అద్దం ముందు, తర్వాత అద్దానికి వీపు పెట్టి, అది కుదిరాకే గోడ పక్కన కళ్లు మూసుకుని నిలబడండి. మోకాలిని వెనక్కి లాక్ చేయొద్దు.