“నెట్ రావట్లేదు” అంటే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: నెట్‌వర్క్ సపోర్ట్‌లో కొత్తగా చేరాను. కోర్సులో అన్నీ అర్థమయ్యాయి గానీ, ఫోన్ ఎత్తగానే “నెట్ రావట్లేదు” అంటే టెన్షన్‌లో ఏమీ తోచదు. రౌటర్ రీస్టార్ట్ చేయమని చెప్పేస్తున్నాను. ఒక్కోసారి పనవుతోంది, ఒక్కోసారి తిట్లు పడుతున్నాయి.

జవాబు: రీస్టార్ట్ చేయించడం నేరమేమీ కాదు. కాకపోతే చాలా పరికరాల్లో దాంతోపాటే లాగ్‌లు (ఏం జరిగిందో పరికరం రాసుకున్న చిట్టా) కూడా చెరిగిపోతాయి, రెండ్రోజుల తర్వాత అదే సమస్య మళ్లీ వస్తే మీ చేతిలో ఒక్క ఆధారం ఉండదు. అందుకే ముందు అడగండి: మీ ఒక్కరికేనా, పక్కవాళ్లకీ రావట్లేదా? పొద్దున వచ్చిందా? ఈలోగా ఏమైనా మార్చారా? “ఏమీ మార్చలేదండీ” అంటారు, కాసేపాగి “టేబుల్ కొంచెం జరిపాం, అంతే” అంటారు. ఆ “అంతే” దగ్గరే చాలాసార్లు సమస్య దొరుకుతుంది. కేబుల్ చివర ప్లాస్టిక్ క్లిప్ విరిగి ఉంటుంది, చూడ్డానికి పోర్ట్‌లో ఉన్నట్టే ఉంటుంది గానీ లైటు వెలగదు.

లైటు బాగానే ఉంటే విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ (కంప్యూటర్ నెట్‌వర్క్ అడ్రస్ చూపించే కమాండ్) కొట్టించండి. అడ్రస్ 169.254తో మొదలైతే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాక, కంప్యూటర్ తనకు తానే ఒక నంబర్ పెట్టుకుందని అర్థం, అప్పుడు బ్రౌజర్‌ని ఎంత కెలికినా లాభం లేదు. అడ్రస్ సరిగ్గా ఉంటే గేట్‌వేకి (బయటి నెట్‌కి దారి ఇచ్చే రౌటర్) పింగ్ చేయించండి, అంటే “ఉన్నావా” అని చిన్న సందేశం పంపించండి, తర్వాత బయటున్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. నంబర్‌కి జవాబొచ్చి పేరుతో సైట్ తెరుచుకోకపోతే, సైట్ పేరుని నంబర్‌గా మార్చే డీఎన్‌ఎస్‌ని అనుమానించండి. అయితే పింగ్‌కి జవాబు రాలేదని అవతలిది చచ్చిపోయిందని తేల్చేయకండి, కావాలనే పింగ్‌ని అడ్డుకునే ఫైర్‌వాల్‌లు బోలెడు.

ఆఫీసంతా ఒక్కసారే కుదేలైతే స్విచ్ (ఆఫీసు కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) దగ్గరికెళ్లి చూడండి. లైట్లన్నీ పూనకం వచ్చినట్టు ఆడుతుంటే, వేలాడుతున్న కేబుల్‌ని ఎవరో సర్దుతూ రెండో కొసనీ అదే స్విచ్‌లో గుచ్చి ఉండొచ్చు. ఇలాంటి చుట్టుని పసిగట్టి ఆపే స్పానింగ్ ట్రీ లేని చవక స్విచ్ అయితే బ్రాడ్‌కాస్ట్‌లు (అందరికీ ఒకేసారి పంపే సందేశాలు) అందులోనే గిరగిరా తిరిగి మొత్తాన్ని ముంచేస్తాయి. ఆ కేబుల్ పీకేస్తే చాలు.

ఇంకోటి, ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగు సెట్టింగ్‌లు కలిపి మార్చి నెట్ తెప్పిస్తే, దేనివల్ల వచ్చిందో టికెట్‌లో (ఫిర్యాదు రికార్డు) ఏం రాస్తారు?

ప్రశ్న: సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) లేకపోతే ఈ లైన్‌లో ఎదగలేమంటున్నారు. నిజమేనా?

జవాబు: ఎదగలేమనడం అతి. ఇంటర్వ్యూ పిలుపు రావడానికి మాత్రం బాగా పనికొస్తుంది. 2020 ఫిబ్రవరి నుంచి 200-301 అనే ఒక్క పరీక్షే, సర్టిఫికెట్ 3 ఏళ్లు చెల్లుతుంది. డంప్‌లు (బయటికొచ్చిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) బట్టీ పట్టి పాసైనవాళ్లు స్లాష్ 26 సైజు నెట్‌వర్క్‌లో ఎన్ని హోస్ట్‌లు, అంటే ఎన్ని పరికరాలు, పడతాయంటే నీళ్లు నములుతారు (62, కాగితం మీద మీరే లెక్కేసి చూడండి). కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి చూసుకునే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితంగానే దొరుకుతుంది, అందులో వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడివిడి నెట్‌వర్క్‌లు) కట్టి, మీరే చెడగొట్టి, మీరే బాగుచేయండి.

ప్రశ్న: నైట్ డ్యూటీలు తప్పవా?

జవాబు: చాలాచోట్ల తప్పవు. పెద్ద మార్పులు పెట్టుకునేదే జనం పనిలో లేని వేళ. చేరకముందే ఆన్‌కాల్ (ఏ వేళ పిలిచినా పనికి సిద్ధంగా ఉండే) వంతు ఎన్నాళ్లకోసారి వస్తుందో, రాత్రి పనిచేస్తే మర్నాడు సెలవిస్తారో లేదో అడిగి, ఒప్పుకున్నది మెయిల్‌లో రాయించుకోండి.